హైదరాబాదు ఉద్యానవనాలలో వసంతకాల ప్రకృతి పరిశీలన

హైదరాబాదు నగరంలోని జాతీయ వనాలలోను, పురపాలక ఉద్యానవనాలలోను ఫిబ్రవరి నుండి మే నెల వరకు జరిగే ప్రకృతి నడకలు, చెట్ల గుర్తింపు, పక్షుల లెక్కింపు, సీతాకోకచిలుకల పరిశీలన మొదలైన వాటిని వసంతకాల ప్రకృతి పరిశీలన కార్యక్రమాలు అని చెప్పవచ్చును. అటవీ శాఖ, పక్షి ప్రేమికుల సంఘాలు, పాఠశాలలు, కాలనీ సంఘాలు వీటిని నిర్వహిస్తుంటాయి. ఇవి వినోదంతో పాటు విజ్ఞానాన్ని కూడా కలిగిస్తాయి. ఒక చెట్టు ఏ తేదీన చిగిర్చినది, ఒక పక్షి ఏ తేదీన కూసినది అని వ్రాసి ఉంచిన వివరాలు కొన్నేళ్ళకు ఆ ప్రాంతపు ప్రకృతి చరిత్రగా మారుతాయి.

కాలము

చాంద్రమానం ప్రకారం చైత్ర, వైశాఖ మాసాలు వసంత ఋతువు. అంటే సుమారుగా మార్చి మధ్య నుండి మే మధ్య వరకు. అయితే సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున దక్కను పీఠభూమిపై ఉన్న హైదరాబాదులో వసంత లక్షణాలు శిశిరంలోనే, అనగా మాఘమాసాంతం నుండే మొదలవుతాయి. ఉగాది నాటికి బూరుగ పూలు రాలిపోతాయి, మోదుగ పూత చివరికి వస్తుంది. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం సాధారణం. అందువలన ఈ నడకలను ఉదయం ఆరు గంటల నుండి ఎనిమిదిన్నర లోపు ముగించడం మంచిది.

ఇక్కడి అడవులు శుష్క ఆకురాల్చు అడవులు. నీరు తక్కువగా ఉండే కాలంలో ఆకుల ద్వారా తేమ కోల్పోకుండా చెట్లు ఆకులను రాలుస్తాయి. మోదుగ, బూరుగ వంటివి ఆకులు లేని సమయంలోనే పూస్తాయి. ఆకుల మరుగు లేనందున పూలు పక్షులకు దూరం నుండి కనిపిస్తాయి. వర్షాలు ఇంకా రాకముందే రావి, కానుగ మొదలైనవి లోతైన వేళ్ళతో భూగర్భ తేమను గ్రహించి చిగురిస్తాయి. రావి చిగురు మొదట రాగి రంగులో ఉండి, తరువాత పచ్చబడుతుంది.

ముఖ్యమైన ప్రదేశాలు

* కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం: జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ప్రాంతాల మధ్య 350 ఎకరాలకు పైబడిన విస్తీర్ణంలో ఉన్నది. 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఈ ఆవరణలోనే ఉన్నది. బండరాళ్ళు, పొదలు, నెమళ్ళు ఇక్కడి ప్రత్యేకత.
* మహావీర్ హరిణ వనస్థలి: వనస్థలిపురం వద్ద సుమారు 3,600 ఎకరాలలో ఉన్నది. మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఏర్పడినది. కృష్ణజింకలకు ప్రసిద్ధి.
* మృగవని జాతీయ వనం: చిలుకూరు సమీపంలో ఉన్నది. చుక్కల జింకలను, పొదలలో తిరిగే పక్షులను చూడవచ్చును.
* ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, పబ్లిక్ గార్డెన్స్: ఇవి నగరం నడిబొడ్డున ఉన్నందున చిన్నపిల్లలకు, వృద్ధులకు అనుకూలమైనవి.

నెలవారీగా చూడదగిన చెట్లు

* ఫిబ్రవరి: బూరుగ ఎర్రని పెద్ద పూలు, కొండగోగు పసుపుపచ్చని పూలు.
* మార్చి: మోదుగ పూత, రావి చిగురు, మామిడి పిందెలు, వేప లేత ఆకులు. మోదుగ పూలను నానబెట్టి హోలీ రంగు తయారుచేయడం ప్రాచీనమైన ఆచారం.
* ఏప్రిల్: వేపపూత, కానుగ పూత, రేల పూల ఆరంభం. ఉగాది పచ్చడిలోని చేదు, పులుపు, వగరు ఈ ఋతువులో చెట్లు ఇచ్చినవే.
* మే: రేల పసుపు గుత్తులు, తురాయి ఎర్రని పూలు. తురాయి మన దేశపు చెట్టు కాదు, మడగాస్కర్ ద్వీపానికి చెందినది. పైవాటిలో మిగిలినవి మన నేలకు చిరపరిచితమైనవి.

పక్షులు, ఇతర జీవులు

కోయిల: మావిచిగురు తిని కోయిల కూస్తుందనేది కవిసమయము. నిజానికి కోయిల ప్రధానంగా మర్రి, రావి, వేప వంటి చెట్ల పండ్లను తింటుంది. కూసేది నల్లని మగపక్షి. ఆడపక్షి గోధుమ రంగుపై తెల్లని చుక్కలతో ఉండి, వేగంగా కిచకిచమనే వేరొక ధ్వని చేస్తుంది. సంతానోత్పత్తి కాలం కనుక మార్చి నుండి కూత ఎక్కువగా వినబడుతుంది. కోయిల తన గుడ్లను కాకి గూటిలో పెడుతుంది. కాబట్టి కాకులు గూళ్ళు కట్టుకొనే పెద్ద చెట్లు లేనిచోట కోయిల సంతతి కూడా పెరగదు.

కంసాలిపిట్ట: కంచరి రాగిపాత్రపై సుత్తితో కొట్టినట్లు "టుక్, టుక్" అని ఎడతెగక కూస్తుంది. ఎండిన కొమ్మలో గుండ్రని తొర్ర తొలిచి గూడు చేసుకొంటుంది.

పాలపిట్ట: తెలంగాణ రాష్ట్ర పక్షి. ఈ కాలంలో మగపక్షి ఎత్తుకు ఎగిరి, ఒక్కసారిగా పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. అప్పుడు రెక్కలలోని నీలిరంగు స్పష్టంగా కనిపిస్తుంది. దీని గూడు చెట్టు తొర్రలో ఉంటుంది.

తేనెపిట్ట: మగపక్షి ఈ ఋతువులో మెరిసే నల్ల ఊదా రంగులో ఉంటుంది. సాలెపట్టుతో నారలను అతికి, వేలాడే సంచి వంటి గూడు కడుతుంది.

గులాబీ రంగు గోరింకలు: ఇవి శీతాకాలపు అతిథులు. బూరుగ, మోదుగ పూలపై గుంపులుగా వాలి తేనె త్రాగి, ఏప్రిల్ నాటికి వాయవ్య దిశగా తిరుగు ప్రయాణమవుతాయి.

పక్షులే కాక, మగ తొండల తల, మెడ ఈ కాలంలో ఎర్రబడడం కూడా చూడవచ్చును. నిమ్మ, కరివేపాకు మొక్కలపై నిమ్మ సీతాకోకచిలుక పెట్టిన గుడ్లను, గొంగళిపురుగులను పిల్లలు సులభంగా గుర్తించగలరు.

పరిశీలన పద్ధతి

ఒక బృందంలో పదిహేను మందికి మించకుండా ఉంటే అందరికీ వినబడుతుంది, పక్షులు బెదరవు. మట్టిరంగు లేక ఆకుపచ్చ దుస్తులు, నోటు పుస్తకం, పెన్సిలు, నీళ్ళసీసా, టోపీ ఉంటే చాలును. బైనాక్యులర్ ఉంటే మంచిదే, కాని తప్పనిసరి కాదు.

విద్యార్థులకు అన్నిటికంటే ఉపయోగకరమైనది "ఒకే చెట్టు" పద్ధతి. ఇంటికి దగ్గరలో ఒక చెట్టును ఎంచుకొని, వారానికి ఒకసారి అదే రోజున చూడాలి. లేత ఆకులు, ముదురు ఆకులు, మొగ్గలు, పూలు, కాయలు, పండ్లు అనే ఆరు అంశాల ఎదుట "లేవు", "కొన్ని", "చాలా" అనే మూడు మాటలలో ఒకటి వ్రాయాలి. చెట్టుపై కనిపించిన పక్షిని, కీటకాన్ని కూడా వ్రాసుకోవాలి. తెలియని పేరు వ్రాయడం కంటే రంగు, పరిమాణం, కూత వ్రాయడం మేలు.

ఈ విధంగా ఋతువులను బట్టి జీవులలో వచ్చే మార్పుల తేదీలను అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఫినాలజీ అంటారు. జపానులోని క్యోటో నగరంలో చెర్రీ పూలు విచ్చిన తేదీలు క్రీ.శ. 9వ శతాబ్దం నుండి లభిస్తున్నాయి. 2021లో అక్కడ మార్చి 26 నాటికే పూత నిండుగా వచ్చినది. సుమారు 1,200 ఏళ్ళలో అది అతి ముందుగా వచ్చిన పూత అని చెప్పగలిగినారంటే, పూర్వులు వ్రాసి ఉంచిన తేదీలే అందుకు ఆధారం. తన వీధిలోని వేపపూత గురించి అటువంటి మాట చెప్పదలచినవారు ఈ సంవత్సరమే వ్రాయడం మొదలుపెట్టాలి.

పౌరులు పాల్గొనదగిన లెక్కింపులు

హైదరాబాదు రాష్ట్రంలో పక్షుల సర్వేను 1931-32లో ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిర్వహించారు. నేడు సామాన్య పౌరులు కూడా ఇటువంటి పనిలో భాగస్వాములు కావచ్చును.

* గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్: 1998లో అమెరికాలో మొదలైనది. 2013 నుండి భారతదేశంలోనూ జరుగుతున్నది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు, కనీసం 15 నిమిషాలు పక్షులను లెక్కించి వివరాలు పంపాలి.
* సీజన్‌వాచ్: చెట్లను వారం వారం గమనించే భారతీయ కార్యక్రమం. పాఠశాలలు ఎక్కువగా పాల్గొంటాయి.
* సిటీ నేచర్ ఛాలెంజ్: 2016లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల మధ్య పోటీగా మొదలై, ప్రపంచమంతటా వ్యాపించినది. ఏప్రిల్ నెలాఖరు ప్రాంతంలో జరుగుతుంది.

తెలుగు పేర్లు

నగరంలోని పిల్లలలో చాలామందికి కింగ్‌ఫిషర్ తెలుసును గాని లకుముకిపిట్ట తెలియదు. ప్రకృతి నడకలలో తెలుగు పేర్లను కూడా చెప్పడం అవసరం, ఎందుకనగా పేరు తెలిసినదానినే మనిషి గుర్తుంచుకొంటాడు. మన పేర్లు ప్రపంచ శాస్త్రంలో సైతం చోటు చేసుకున్నాయి. రంగురంగుల పక్షుల ఒక ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన "పిట్టా" అనే పేరు మన తెలుగు "పిట్ట" నుండి వచ్చినదే. ఆ ప్రజాతికి చెందిన మన దేశపు పక్షియే పొన్నంగి పిట్ట. ఒకే చెట్టుకు జిల్లాను బట్టి వేర్వేరు పేర్లుంటాయి కనుక, పెద్దలను అడిగి ఆ పేరు, ఊరు రెండూ వ్రాసుకోవాలి.

నియమాలు, జాగ్రత్తలు

* 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ వనాలలో మొక్కలను, జీవులను తీసుకొనిపోవడం, వాటికి హాని చేయడం నేరం. నేలపై పడిన నెమలి ఈకనైనా అక్కడే వదలాలి.
* గూళ్ళకు దగ్గరగా పోరాదు. గుడ్లను తాకరాదు. ఫోనులో పక్షి కూతలను వినిపించి పక్షులను రప్పించరాదు.
* పెద్ద తేనెపట్టులున్న చెట్ల క్రింద గుమికూడరాదు. రాళ్ళు విసరరాదు. ఘాటైన అత్తరు పూసుకొని పోరాదు.
* ఎండాకాలంలో రాళ్ళ సందులలో చేయి పెట్టరాదు. పాములు చల్లదనానికి అక్కడ చేరుతాయి.
* కోతులకు, పావురాలకు తినుబండారాలు వేయరాదు.

సమస్యలు

శుభ్రత పేరుతో ఎండుకొమ్మలన్నిటిని నరికివేస్తే కంసాలిపిట్టకు గూడు ఉండదు. పాత చెట్లు పోతే పాలపిట్టకు తొర్ర ఉండదు. రాలిన ఆకులను తగులబెడితే నేలలోని పురుగులు, వాటిని తినే పక్షులు పోతాయి. పొదలను తీసి పచ్చికబయళ్ళు వేసిన చోట చూడడానికి అందంగా ఉన్నా, వినడానికి ఏమీ మిగలదు. ప్రమాదకరం కాని ఎండుకొమ్మలను వదలిపెట్టడం, ఆకులను ఎరువుగా మార్చడం సులభమైన పరిష్కారాలు.

నగరం పెరిగే కొలదీ పచ్చని నేలలపై ఒత్తిడి కూడా పెరిగినది. 2016లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం చుట్టూ వంతెనల నిర్మాణం కోసం చెట్లను తొలగించే ప్రతిపాదనపై నగరవాసులు నిరసన తెలిపారు. 2025లో కంచ గచ్చిబౌలిలోని సుమారు 400 ఎకరాల భూమి విషయంలో వివాదం తలెత్తగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను నిలిపివేయమని ఆదేశించినది. ఆ సందర్భంలో విద్యార్థులు, ప్రకృతి ప్రియులు అంతకుముందు నమోదు చేసిన పక్షుల, జంతువుల జాబితాలు పదేపదే ప్రస్తావనకు వచ్చాయి. ఖాళీ స్థలమని ఒకరనే చోట ఏమేమి నివసిస్తున్నవో చెప్పగలిగేది అటువంటి జాబితాలే. ఉదయపు నడకలో ఒక విద్యార్థి నోటు పుస్తకంలో వ్రాసుకొన్న తేదీకి గల విలువ ఇదే.

ఇవి కూడా చూడండి

* వసంత ఋతువు
* ఉగాది
* మోదుగ
* పాలపిట్ట
* సలీం అలీ
* కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం