మళ్లీ కాచేదాకా ఈస్ట్‌ను బతికించడం

బీరు చరిత్ర రాసేవాళ్లు బార్లీ గురించి, హాప్స్ గురించి, రాజులు వేసిన పన్నుల గురించి రాస్తారు. ఒకసారి కాచాక మళ్లీ కాచేదాకా ఈస్ట్‌ను ఎలా బతికించుకున్నారన్నది నాలుగు మాటల్లో తేల్చేస్తారు. అసలు కథ అక్కడే ఉందని నా నమ్మకం. వాల్తేరులో మైక్రోబయాలజీ చదివినప్పుడు కలిగిన ఈ నమ్మకం, ఒరెగాన్‌లో స్థిరపడి ఇంట్లో బీరు కాచుకోవడం మొదలెట్టాక మరింత గట్టిపడింది.

పడమటి నార్వే పల్లెల్లో ఇంటి బీరు తాతలనాటి ఆచారం. అక్కడి రైతులు తమ ఈస్ట్‌ను క్వైక్ అంటారు. బీరు పులిశాక ఆ చిక్కటి మడ్డిని గుడ్డల మీదో, తొలిచిన కొయ్యముక్కల మీదో, గడ్డితో అల్లిన చుట్టల మీదో ఆరబెట్టి దాచేవారు. ఎవరి ఈస్ట్ అయినా పాడైతే పక్కింటికెళ్లి అడిగి తెచ్చుకునేవారు, మనం పెరుగుకు తోడు అడిగినట్టే. క్వైక్ మనుషుల పెంపకంలో వేరుపడిన ప్రత్యేక వంశమని 2018లో వెలువడిన జన్యు పరిశోధన చెప్పింది. ఆ రైతుల శ్రద్ధకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఫ్యాక్టరీల దారి వేరు. డెన్మార్క్ బ్రూవర్ జె.సి. జాకబ్సెన్ 1845లో మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ నుంచి కోపెన్‌హాగెన్‌కు గుర్రపు బండిలో ఈస్ట్ తెచ్చుకున్నాడు. బండి ఆగిన చోటల్లా డబ్బాలను చన్నీళ్లతో చల్లబరిచాడు. రెండేళ్లకు అతని కార్ల్స్‌బెర్గ్ బ్రూవరీ మొదలైంది. 1883లో అక్కడి లేబొరేటరీలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. జాకబ్సెన్ దాన్ని సొంత ఆస్తిగా దాచుకోకుండా ఇతర బ్రూవరీలకు ఉచితంగా ఇచ్చాడు. బీరు చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని అది.

ఇక ఈస్ట్‌ను గడ్డకట్టించి దాచడం. దానికి దారి చూపింది బీరు కాదు, కోడిపుంజుల వీర్యం! లండన్ మిల్ హిల్‌లో క్రిస్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ అనే పరిశోధకులు దాన్ని పండ్ల చక్కెర ద్రావణంలో గడ్డకట్టించి చూస్తున్నారు. ఏం చేసినా కణాలు చస్తున్నాయి. ఉన్నట్టుండి ఒక సీసాలోని ద్రావణం పనిచేసింది. పరీక్ష చేయిస్తే అందులో చక్కెరే లేదు, గ్లిజరిన్, అల్బుమిన్ ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీలో చీటీలు తారుమారై ఉంటాయి. 1949లో ఈ సంగతి ‘నేచర్’లో వచ్చింది.

గ్లిజరిన్ లేని నీళ్లు గడ్డకడితే మంచు స్ఫటికాలు కణం పొరను చీలుస్తాయి, మిగిలిన నీటిలో ఉప్పులు చిక్కబడి కణంలోని నీటిని లాగేస్తాయి. గ్లిజరిన్ ఈ రెండు దెబ్బలనూ తగ్గిస్తుంది. ఈస్ట్‌కూ అదే సూత్రం.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకున్నది 1978లో, అధ్యక్షుడు కార్టర్ సంతకంతో. గ్లిజరిన్ మందుల షాపులో దొరికేదే. కార్ల్స్‌బెర్గ్ లేబొరేటరీలో జరిగిన పని మా వంటింట్లోకి అలా వచ్చింది. స్టార్టర్ (ఈస్ట్‌ను ముందుగా పెంచే మాల్టు నీళ్లు) అడుగున దిగిన తెల్లటి ఈస్ట్‌ను, ప్రెషర్ కుక్కర్‌లో శుద్ధిచేసి చల్లార్చిన గ్లిజరిన్ నీళ్లలో కలిపి చిన్న గొట్టాల్లో నింపుతాను. మొత్తంలో గ్లిజరిన్ 20 శాతం దాకా ఉండాలి. ఇళ్లలోని చాలా ఫ్రీజర్లు మంచు పేరుకోకుండా మధ్యమధ్య వేడెక్కుతాయి కాబట్టి, గొట్టాలను థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాకుల నడుమ, కరివేపాకు పొట్లాల పక్కన పెడతాను. బయటికి తీశాక ముందు 10 మిల్లీలీటర్ల మాల్టు నీళ్లలో, తర్వాత 100లో, ఆపైన లీటరులో పెంచాలి. తొందర పనికిరాదు.

ఈస్ట్‌ను దాచడం వృథా పోదు. లండన్‌లో ట్రూమన్స్ బ్రూవరీ 1989లో మూతపడింది. దాని ఈస్ట్‌ను 1958లోనే బ్రిటన్ జాతీయ ఈస్ట్ సేకరణలో దాచి ఉంచారు. ఆ పేరుతో బ్రూవరీ మళ్లీ తెరిచినప్పుడు అదే ఈస్ట్ పనికొచ్చింది.

ఇంట్లో కాచుకునే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి గొట్టం మీదా ఈస్ట్ పేరు, దాచిన తేదీ, ఎవరి దగ్గర తెచ్చారో రాయండి. ఒక గొట్టం వేరే ఇంటి ఫ్రీజర్లో ఉంచండి. కరెంటు పోయి మీది కరిగినా అక్కడిది బతికుంటుంది.