కొడుకు స్థానంలో కూతురు: ఆలూరు సీమలో బసివి ఆచారం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో బోయ, మాదిగ తదితర కులాలకు చెందిన తల్లిదండ్రులు మగసంతానం లేనప్పుడు ఒక కూతుర్ని దేవునికి విడిచేవారు, అలా విడిచిన ఆడపిల్లను బసివి అనేవారు. దేవుని పేర విడిచిన ఆబోతును సూచించే ‘బసవ’ శబ్దానికి ఇది స్త్రీరూపం.

బోయల తంతులో మొనకు నిమ్మకాయ గుచ్చిన కత్తిని పెండ్లికొడుకుగా భావించి పిల్ల పక్కన నిలిపేవారు; కాల్చిన లోహంతో ఆమె భుజాలపై శంఖచక్ర ముద్రలు వేసేవారు. ఆ తర్వాత ఆమె ఎవరికీ భార్య కాదు, కాబట్టి వితంతువూ కాదు. పుట్టింట్లోనే ఉంటూ, పెండ్లి లేకుండానే పురుషునితో కలిసి బతికి, కన్న బిడ్డలకు తన తండ్రి ఇంటిపేరే ఇచ్చేది, తండ్రికి ఉత్తరక్రియలు జరిపేది, కొడుకులాగే ఆస్తికి వారసురాలయ్యేది. 19వ శతాబ్ది చివర పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ తన వ్యాస శీర్షికలోనే వీరిని పురుషుల హక్కులు పొందే స్త్రీలుగా పేర్కొన్నాడు. ఆ మాట సగమే నిజం: హక్కు ఆమెకు దక్కినా, ఆమె దేహాన్ని గురించిన నిర్ణయం చిన్ననాడే పెద్దలు చేసేసేవారు, నిలబెట్టదలచుకున్నది ఆమె ఇష్టాన్ని కాదు, తండ్రి వంశాన్ని, చేనును.

దేవదాసీల అర్పణను మద్రాసు శాసనం 1947లో నిషేధించింది. అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చిన, హిందూ వారసత్వ చట్టానికి చేసిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించగా, జోగిని, బసివి వంటి ఆచారాలపై ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక నిషేధ చట్టం 1988లో వచ్చింది.