పశువుల మేతలో ఖనిజాలు – పరారుణ పరీక్ష

పశువు గోడ నాకినా, ఎముక కొరికినా మేతలో ఏదో లవణం కొరతపడిందని పల్లెల్లో అనుభవజ్ఞులు గ్రహిస్తారు. 1920 ప్రాంతాల్లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ బృందం దీనికి శాస్త్రీయమైన ఆధారం చూపింది. ఎముకలు కొరికే పశువులు మేసే గడ్డిలో భాస్వరం తక్కువగా ఉన్నది. ఎముకల పొడి పెట్టగా ఆ లోపం తీరింది. అయితే పశువు చిక్కిపోకముందే కొరత తెలియాలంటే మేతనే పరీక్షించాలి.

ఇందుకు వాడుకలో ఉన్న పద్ధతి గడ్డిని ఎండబెట్టి, బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి ఒక్కొక్క మూలకాన్ని కొలవడం. ఫలితం నమ్మదగినదే కాని కాలమూ, వ్యయమూ ఎక్కువ.

సులభమార్గం వెలుతురు వైపునుండి వచ్చింది. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని విడదీసి, ఎరుపు రంగుకు అవతల ఉష్ణమాపకం ఉంచాడు. కంటికి ఏ రంగూ కనిపించని ఆ చోట వేడిమి పెరిగింది. అవే పరారుణ కిరణాలు. 1960 తరువాత అమెరికాలో కార్ల్ నారిస్ వీటితో ధాన్యంలోని తేమను కొలిచాడు. 1976లో సహచరులతో కలిసి పశుగ్రాసం నాణ్యతనూ అంచనా కట్టాడు. 1987లో క్లార్క్, మేలండ్, ల్యాంబ్ ఇదే పద్ధతితో గ్రాసంలోని ఖనిజాల కొలతను పరిశీలించారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలగాలి. ఈ కిరణాలను పీల్చుకునేవి ఉదజని కార్బన్‌తో, నత్రజనితో, ఆమ్లజనితో కలిసిన బంధాలు. కాల్షియం, మెగ్నీషియం అయాన్లు వీటిని పీల్చుకోవు. మరి వాటిని కొలవడమెట్లా? కాల్షియం కణకవచంలోని పెక్టిన్‌ను, మెగ్నీషియం పత్రహరితాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. పరికరం చూసేది ఖనిజాన్ని కాదు, దాని తోడున్న పదార్థాలను. అటువంటి తోడు బలంగా లేని సోడియం విషయంలో అంచనా తరచు తప్పుతుంది.

పల్నాడులో నాదెండ్ల వంటి గ్రామాల రైతులకు ఈ భేదం ముఖ్యం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత పల్నాడులో వరి పెరిగింది; జొన్న చొప్పతోబాటు వరిగడ్డి కూడా మేత అయింది. వరిగడ్డిలోని ఆక్సలేటు కాల్షియాన్ని పశువుకు సరిగా ఒంటబట్టనీయదు. అమెరికా గడ్డితో కట్టిన సమీకరణం ఈ మేతకు సరిపోతుందని నమ్మరాదు. పటాన్‌చెరులో అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జొన్న చొప్పలోని నత్రజనిని, జీర్ణతను పరారుణ పద్ధతితో కొలిచారు. అందుకు ముందు కొన్ని నమూనాలను రసాయనశాలలో పరీక్షించి పరికరాన్ని సరిచూడవలసి వచ్చింది. ఖనిజాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పరారుణ పరికరం ఒక్కొక్క నమూనాను నిమిషాల్లోనే చదవగలదు. కాని దానికి చదువు నేర్పేది బూడిద పరీక్షయే.