ఒక కేస్‌షీటుకి ప్రతిపదార్థం

వృషణ క్యాన్సర్ ఎక్కువగా పదిహేను నుంచి నలభై ఏళ్ల లోపు మగవాళ్లకు వస్తుంది. అంటే ఇంటర్ చదివే కుర్రాడికి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి, పెళ్లిచూపులు నడుస్తున్నవాడికి. కేస్‌షీటు నిండా అర్థంకాని మాటలు. అడుగుదామంటే పక్కన అమ్మ కూర్చుని ఉంటుంది. అడక్కుండానే సంతకం పెట్టేస్తాడు. నిజానికి గడ్డగా వచ్చే క్యాన్సర్లలో ఇంత బాగా నయమయ్యేవి బహు తక్కువ. వైద్యం సరిగా అందిన చోట నూటికి తొంభై అయిదు మంది బతికి బట్టకడుతున్నారు. కాకపోతే ఈ వైద్యానికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితేనే చిక్కు. అందుకే ఆ వరుసలోనే ఈ టీక.

నొప్పి లేని గడ్డ: రోగి చెప్పిన బాధ అని రాసే చోట ఉండే మాట. మనవాళ్లకు జబ్బుకు కొలత నొప్పే. పన్ను సలిపితే అర్ధరాత్రి పరుగెత్తేవాడు, రాయిలా గట్టిపడిన బీజాన్ని ఆరు నెలలు మోస్తాడు. ‘క్రికెట్ బంతి తగిలింది’, ‘వేడి చేసింది’, ‘వరిబీజమేమో’ అని సమాధానాలు ఇంట్లోనే దొరుకుతాయి. వరిబీజంలో ఉండేది నీరు కాబట్టి టార్చి వెలుగు అవతలికి కనిపిస్తుంది, కణితిలోంచి కనిపించదు. అలాగని టార్చి పట్టుకుని ఇంట్లో తేల్చుకోవద్దు. కణితి చుట్టూ కూడా నీరు చేరవచ్చు. పుట్టినప్పుడు వృషణం కిందికి దిగనివాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఆరు నెలలు దాటినా దిగకపోతే పిల్లల సర్జన్‌కు చూపించాలి. ‘పెద్దయితే అదే దిగుతుందిలే’ అనే నాయనమ్మ మాట ఈ ఒక్కసారికి పక్కన పెట్టాలి.

అల్ట్రాసౌండ్: పావుగంట పని, నొప్పి ఉండదు. వృషణం లోపల గట్టి కణితి కనిపించిందంటే, వేరే రుజువయ్యే దాకా అది క్యాన్సరే అనుకుని నడవాలి.

ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్: మూడూ రక్తంలో చూసేవే. మొదటిది గర్భంలోని శిశువు తయారుచేసే ప్రొటీను. రెండోది గర్భం నిలిచిందో లేదో తెలుసుకునే కిట్టు పట్టుకునే హార్మోనే. మగవాడి రిపోర్టులో అది కనిపిస్తే ల్యాబువాళ్లు కాగితాలు తారుమారు చేశారని కొట్లాటకు దిగిన సంగతులు లేకపోలేదు. తారుమారు కాదు. ఈ కణితి పుట్టేది బీజకణాల్లోంచి. ఒక మనిషి మొత్తాన్ని తయారుచేయగల శక్తి ఉన్న కణాలవి. దారి తప్పినప్పుడు గర్భంలో జరగాల్సిన పనులన్నీ కలగాపులగంగా మొదలుపెడతాయి.

ఈ పరీక్షకు రక్తం ఆపరేషన్‌కు ముందే తీయాలి. వృషణం తీసేశాక హెచ్‌సీజీ రోజు, రోజున్నరకొకసారి సగమవుతుంది. ఏఎఫ్‌పీ సగం కావడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అలా తగ్గకపోతే జబ్బు ఇంకెక్కడో మిగిలి ఉందన్నమాట. ముందు అంకె తీసుకోకపోతే తర్వాతి అంకెను దేనితో పోలుస్తారు?

హై ఇంగ్వైనల్ ఆర్కిడెక్టమీ: గజ్జల దగ్గర కోసి, వృషణాన్ని దాని తాడుతో సహా పైదాకా తీసేయడం. ‘ఆర్కిస్’ అంటే గ్రీకులో వృషణం. దుంపల ఆకారాన్ని బట్టి ఆర్కిడ్ పువ్వుకూ ఆ పేరే పెట్టారు. పూలకొట్టువాడికి తెలియకపోవడమే మంచిది.

గడ్డ సంచిలో ఉంటే కోత గజ్జల్లో ఎందుకు? ముందు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు కదా? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం మనం పుట్టక ముందే ఉంది. తల్లి కడుపులో మగశిశువుకు వృషణాలు మూత్రపిండాల దగ్గర ఏర్పడి, నెమ్మదిగా కిందికి జారతాయి. రక్తనాళాలు, లింఫు నాళాలు మాత్రం పాత ఊరితో సంబంధం తెంచుకోవు. అందుకే వృషణంలో పుట్టిన క్యాన్సర్ ముందుగా గజ్జల్లోని గ్రంథులకు పోదు. కడుపు వెనక, వెన్నెముక పక్కన, మూత్రపిండాల ఎత్తున ఉన్న గ్రంథులకు పాకుతుంది. సంచి చర్మం లింఫు దారి వేరు, అది గజ్జలకు పోతుంది. సంచిలోంచి సూది గుచ్చినా, కత్తి పెట్టినా జబ్బుకు రెండో దారి మనమే తెరిచినట్టు. వరిబీజం అనుకుని సంచి కోసిన తర్వాత లోపల కణితి బయటపడితే, ఆ తప్పు సరిదిద్దడం పెద్ద పని. ఈ ఒక్క పేరా రోగి గుర్తుపెట్టుకున్నా చాలు, మిగతాది డాక్టర్లు చూసుకుంటారు.

ఒక వృషణం పోతే మగతనం పోతుందా? పోదు. రెండోది బాగుంటే హార్మోనుకూ సంసారానికీ సాధారణంగా అదే సరిపోతుంది. వెలితిగా అనిపిస్తే సిలికాన్‌తో చేసినది అమర్చుతారు.

సెమినోమా, నాన్ సెమినోమా: పెథాలజీ రిపోర్టు చెప్పే తీర్పు. సెమినోమా నిదానస్తురాలు, రేడియేషన్‌కు లొంగుతుంది. రెండోది నాలుగైదు రకాల కలగలుపు, తొందరపడుతుంది. స్లైడులో సెమినోమా అని ఉన్నా ఏఎఫ్‌పీ పెరిగి ఉంటే రెండో రకంగానే వైద్యం చేస్తారు. అచ్చమైన సెమినోమా ఆ ప్రొటీను తయారుచేయదు మరి.

సర్వైలెన్స్: జబ్బు వృషణం దాటకపోతే చాలామందికి ఇచ్చే సలహా ఇదే: మందు వద్దు, కనిపెట్టి ఉందాం. ‘ఏమీ చేయకుండా పంపించేశారు’ అని ఇంట్లోవాళ్లు వాపోతారు. ఏమీ చేయకపోవడం కాదిది, తేదీల ప్రకారం రక్తపరీక్షలు, స్కానులు. మళ్లీ వచ్చినా కీమోతో నయం చేయగలరు కాబట్టే ఆ ధైర్యం. ఉద్యోగం బెంగళూరుకు మారిందని రెండు తేదీలు ఎగ్గొట్టేవాడికి ఈ పద్ధతి పనికిరాదు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెబితే వేరే దారి చూస్తారు.

స్పెర్మ్ బ్యాంకింగ్: కీమోకు ముందే వీర్యం దాచుకోవాలి, ఆపరేషన్‌కు ముందే అయితే ఇంకా మేలు. డాక్టరు మరిచిపోతే రోగే అడగాలి. పెళ్లికాని కుర్రాడికి ఈ మాట తల్లి ఎదుట చెప్పడం కష్టం. కాసేపు ఆవిడను బయట కూర్చోమనడం మర్యాద తప్పినట్టేమీ కాదు.

బీఈపీ, 3 సైకిళ్లు: బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్. చివరి మందు ప్లాటినం లవణం. 1844లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త మికేలె పెయ్‌రోనె తయారుచేశాడు. నూట ఇరవై ఏళ్ల దాకా అది మందుగా పనికొస్తుందని ఎవరికీ తెలియదు. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా ఉన్న ద్రవంలోకి కరెంటు పంపి చూస్తుంటే, అవి చీలడం మానేసి దారాల్లా సాగాయి. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడు నుంచి కరిగిన ప్లాటినం. 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ దాన్ని మరో రెండు మందులతో కలిపి, ముదిరిపోయిన వృషణ క్యాన్సర్‌కు ఇచ్చాడు. అంతవరకు అలాంటివాళ్లలో బతికేది నూటికి పదిమందే. ఆ తర్వాత లెక్క తిరగబడింది.

దీనికి ముందు మెట్టు ఒకటుంది. 1960లో మిన్ చూ లీ బృందం మూడు మందులు కలిపి ఇదే జబ్బుపై వాడింది. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే ఆ మందుల కుటుంబం, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ల్యాబుల్లో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిందే.

ఒక సైకిల్ అంటే 21 రోజులు. మొదటి అయిదు రోజులు సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్, వారానికోసారి బ్లియోమైసిన్. మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ బాగా ఎక్కిస్తారు. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. చెవుల్లో హోరు, అరికాళ్ల తిమ్మిరి కొందరికి మిగిలిపోతాయి. మధ్యలో జ్వరం వస్తే డోలో వేసుకుని పడుకోవద్దు, ఆ గంటే ఆస్పత్రికి వెళ్లాలి. ‘ఒంట్లో బలం లేదు, పండగయ్యాక చూద్దాం’ అని సైకిల్ వాయిదా వేయడం ఇక్కడ పెద్ద తప్పు.

సైకిల్ పందాల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో, పాతికేళ్ల వయసులో, ఈ జబ్బు ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. ఊపిరి దెబ్బతినకూడదని బ్లియోమైసిన్ బదులు వేరే మందు ఇచ్చారు. తర్వాత గెలిచిన టైటిళ్లు డోపింగ్ కింద 2012లో పోయాయి. నయమైన జబ్బు మాత్రం తిరిగి రాలేదు.

రెసిడ్యువల్ మాస్: కీమో అయ్యాక కడుపులో మిగిలిన గడ్డ. అది ఉత్త మచ్చే కావచ్చు, నాన్ సెమినోమాలో కలిసే టెరటోమా అనే రకం కావచ్చు. టెరటోమా కీమోకు లొంగదు, పెద్ద ఆపరేషన్‌తో తీయాల్సిందే. వీర్యం బయటికి రావడాన్ని నడిపే నరాలు అక్కడే ఉంటాయి గనుక, ఇలాంటివి తరచూ చేసే చేతికే అప్పగించడం మంచిది.

ఎన్‌ఈడీ: జబ్బు ఆనవాలు లేదు. అందరూ ఎదురుచూసే మూడక్షరాలు. అవి రాగానే ఫైలు అటకెక్కుతుంది. ఎక్కించకండి. పాతికేళ్ల తర్వాత ఏ పిత్తాశయం ఆపరేషన్‌కో బల్ల ఎక్కినా, మత్తు ఇచ్చే డాక్టరుకు ‘నాకు బ్లియోమైసిన్ ఇచ్చారు’ అని ముందే చెప్పాలి. ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఆ ఊపిరితిత్తులు తట్టుకోకపోవచ్చు. ఎంత మోతాదు ఇచ్చారో ఈ కేస్‌షీటులోనే ఉంటుంది.