ఎంసీఐలో కార్యనిర్వహణ, నిర్ణయశక్తి

వయసు మీద పడ్డాక వచ్చే మామూలు మరుపుకూ డిమెన్షియాకూ నడిమి దశ మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, పొట్టిగా ఎంసీఐ. తెలుగులో దీన్ని స్వల్ప మతిమరుపు అనేస్తుంటారు గానీ, మరుపు ఇందులో ఒక పాయ మాత్రమే. ఈ పేరు 1999లో మేయో క్లినిక్‌లో రోనాల్డ్ పీటర్సన్ బృందం ప్రకటించిన ప్రమాణాలతో స్థిరపడింది. తొలి వాడుక మాత్రం 1988 నాటి రైస్‌బర్గ్ బృందానిదని చెప్పేవారూ ఉన్నారు. 1999 నాటి ప్రమాణాల్లో పెద్దపీట జ్ఞాపకశక్తిదే. 2003 నాటి స్టాక్‌హోమ్ సమావేశం తర్వాతే జ్ఞాపకం చెడని రకాలకూ చోటు దొరికింది. పథకం వేసుకోవడం, ధ్యాస మళ్లించడం, తొందరను ఆపుకోవడం వంటి కార్యనిర్వహణ శక్తులు అప్పటినుంచి లెక్కలోకి వచ్చాయి.

వీటిని పట్టి చూపే పాత పరీక్ష ట్రెయిల్ మేకింగ్, బీ భాగం. కాగితం మీద చెల్లాచెదురుగా 25 వృత్తాలు, వాటిలో 13 అంకెలు, 12 ఇంగ్లీషు అక్షరాలు. ఒకటి, ఏ, రెండు, బీ అని మార్చి మార్చి గీత కలపాలి. ఈ శక్తి సడలినవారు కొందరు రెండు నుంచి నేరుగా మూడుకు పోతారు. అంకెల వరస తెలుసు, జారిపోయింది నియమం. అయితే పలక పట్టని పెద్దల గురించి ఈ కాగితం ఏమీ చెప్పదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు సహా ఐదు భాషల్లో పరీక్షల సంపుటి సిద్ధం చేయించడానికి ఒక కారణం ఇదే.

నిర్ణయశక్తి విషయంలో ఏకాభిప్రాయం తక్కువ. 1994లో బెషారా, డమాసియో ప్రభృతులు రూపొందించిన, లాభనష్టాలు బేరీజు వేసి ముక్కలు ఎంచుకునే అయోవా పేకముక్కల ఆటలో ఎంసీఐ వారు వెనకబడతారని కొందరు, పెద్దగా తేడా లేదని కొందరు. డబ్బు వ్యవహారాల పరీక్షలే ఇంతకన్నా నమ్మదగినవిగా తోస్తాయి. అలబామాలో డేనియల్ మార్సన్ బృందం 2003లో చూసినది ఇది: నాణేలు లెక్కపెట్టడంలాంటి తేలిక పనుల్లో ఎంసీఐ వారికి ఇబ్బంది లేదు, బ్యాంకు స్టేట్‌మెంట్ చదివి అర్థం చేసుకోవడంలో, బిల్లులు కట్టడంలో తడబాటు. ఆల్జీమర్స్‌లోకి జారడానికి ముందు ఏడాదిలో చెక్కుబుక్కు లెక్కలు దిగజారాయని ఆ బృందమే 2009లో తెలిపింది.

కార్యనిర్వహణకు భాషతోనూ ముడి ఉందంటారు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. ఒక భాషను అణచి మరొకటి పలకడం కార్యనిర్వహణకు నిత్య సాధన అని ఒక వివరణ. అది డిమెన్షియా మాట, ఎంసీఐకి నేరుగా వర్తించదు. పైగా ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాల్లో ఈ లాభం చాలావరకు కనబడలేదు.