గట్టిమేళం దగ్గర పగిలే సౌండు

మా నరసరావుపేట, ఒంగోలు వైపు పెళ్లి వీడియోల చరిత్ర ఎవరైనా రాస్తే, అందులో బొమ్మ కంటే సౌండు తిప్పలకే ఎక్కువ పేజీలు పడతాయి. మిక్సింగ్ గదిలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, తంటా అంతా మేళంతోనే. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది ఒంగోలు దగ్గరే. ఆయన గురువుల్లో ఒకరు చిలకలూరిపేట ఆదం సాహెబ్. అలాంటి నేల మీద తాళి కట్టే వేళ సన్నాయి, డోలు ఒక్కసారిగా విరుచుకుపడాల్సిందే. కెమెరాకు తగిలించిన చిన్న మైకు దాన్ని ఏం తట్టుకుంటుంది?

వీహెచ్‌ఎస్ కాలంలో ఆ బాధ అంతగా బయటపడలేదు. భుజాన పెట్టుకునే పానసోనిక్ కెమెరాలో సౌండును దానంతటదే సర్దే ఏర్పాటు ఉండేది. మేళం మోగగానే అది మొత్తాన్ని అణిచేసేది, పురోహితుడి మంత్రం మాయమయ్యేది. హద్దు దాటిన సౌండు టేపు మీద కాస్త బొంగురుపోయేది, అంతే. కాపీ మీద కాపీ కొడితే పెళ్లికూతురు ముఖం పాలిపోయిందని గొడవ చేసేవారే గానీ, సన్నాయి గురించి అడిగినవాళ్లు తక్కువ.

1996లో జపాన్‌లో మొదలైన డీవీడీ మా గదులకు చేరింది 2000 దాటాకే. అంతకుముందే వీసీడీ, మినీ డీవీ టేపు వచ్చాయి. అప్పట్నుంచి, మిర్చి అమ్ముకుని పెళ్లి చేసినవాళ్లు వేసవిలో డిస్కు పట్టుకుని తిరిగి వచ్చేవారు. "ఏమయ్యా, తాళి కట్టే చోట సౌండు గరగరమంటోంది. చవక డిస్కు వేశావా?"

డిస్కుకు ఏ పాపమూ తెలియదు. డిజిటల్‌లో సౌండుకు పైకప్పు ఉంటుంది. అది దాటిన అల తల తెగి చదునైపోతుంది, అదే మనకు పగిలినట్టు వినిపిస్తుంది. టేపు మీది మేళమే ఆ కప్పును తాకుతుంటే, దాని మీద సినిమా పాట కూడా పరిచేవాళ్లం. రెండూ కలిసి కప్పు దాటక ఏం చేస్తాయి? పైగా చాలా మినీ డీవీ కెమెరాల్లో సౌండుకు రెండు పద్ధతులుండేవి. 12 బిట్‌లో పెడితే 32 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో పెడితే 48. సీడీ పాటది 44.1. డీవీడీ వీడియోకు 48 కావాలి. పాత సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ కలిపి మార్చేటప్పుడు గరుకు చేరేది, ఒక్కోసారి పెదవులకూ మాటకూ పొంతన పోయేది.

మందు ఖరీదైనదేమీ కాదు. ముందు అన్నింటినీ విడిగా 48కి మార్చుకోవడం, మేళం, పాట రెండింటినీ తగ్గించి కలపడం, పైన కొంత ఖాళీ వదలడం. కుదించని సౌండు సెకనుకు 1,536 కిలోబిట్లు మింగుతుంది కాబట్టి డాల్బీ డిజిటల్‌గా కుదించడం. బొమ్మకు ఎక్కువ రేటు పెట్టి సౌండును కుదించకుండా వదిలితే కొన్ని ప్లేయర్లు ఆగి ఆగి నడిచేవి. జనం దాన్నీ పగలడమే అనేవారు, అది వేరే జబ్బు.

ఏ ప్లేయరులో వేసినా ఒకేచోట పగిలితే లోపం మిక్సింగ్‌లోనో అసలు టేపులోనో ఉన్నట్టు. ఒక్కో ప్లేయరులో ఒక్కోచోట తడబడితేనే డిస్కును అనుమానించాలి.

మీ బీరువాలో మినీ డీవీ టేపు ఇంకా ఉంటే, పగిలిన డిస్కును బాగుచేయించకండి. టేపు నుంచే మళ్లీ ఎక్కించుకోండి. టేపులోనే తల తెగిన సన్నాయిని మాత్రం ఎవరూ పూర్తిగా తిరిగి తేలేరు.