వాగు పేరులో దాగిన యుద్ధం



మేం చదువుకునే అన్నోజిగూడ మీదుగా పోయే వరంగల్ రోడ్డే ములుగు దాటినంక మేడారం దారి పట్టిస్తది. కాకతీయ సైన్యంతో మన కోయలు చేసిన పోరును తరతరాలుగా మోసుకొచ్చింది డోలి పాట. ఆ పోరుల ఎందరు చచ్చిన్రో మనకు లెక్క దొరకదు. ఓటమి భరించలేక జంపన్న సంపెంగ వాగుల దూకిండు, నీళ్లు నెత్తురైనయి అని కథ చెప్తది. నీళ్లు నెత్తురైనయన్న ఆ ఒక్క మాటతోనే యుద్ధమంటే ఏందో తెలుస్తది. అప్పటినుంచి అది జంపన్న వాగే. గెలిచినోళ్ల పేరు కాదు, ఓడిన కొడుకు పేరు నిలిచింది.

ఆ కథను డోలి కొట్టి పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూసిన్రు. ఈసారి సెలవులకు ఇంటికి పోతే పెద్దల పక్కన కూసుందాం. పాడించుకుందాం, రాసుకుందాం.